శంఖం వేళ పరుగు

కోకో గింజల్ని నూనె వదిలేదాకా దంచాలి. మధ్యలో చెయ్యి ఆగితే పొడిపొడిగా మిగిలిపోతాయి, గిన్నెల్లో పోసినా బిళ్ళ కట్టవు, సంతలో ఎవరూ ముట్టుకోరు. ఈ సంగతి ఫువాటినోకి ఒకరు చెప్పాల్సిన పని లేదు, పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆ బిళ్ళల మీదే ఇల్లు నడుపుతోంది. అయినా ఆ సోమవారం సాయంత్రం రోకలి వేస్తూనే పదేపదే సముద్రం వైపు చూస్తోంది. పొద్దు అప్పుడే కొబ్బరితోపు మీదికి వాలిపోయింది.

ఆడపడుచు అకెనెసే రేకు మీంచి దించిన గింజల్ని వేడివేడిగా వేళ్ళతో నలిపి పొట్టు ఊదుతోంది. చురుక్కుమన్నప్పుడల్లా వేళ్ళు నోట్లో పెట్టుకుని మళ్ళీ మొదలుపెడుతోంది.

"రోట్లోకి చూసి దంచు వదినా," అంది. "నువ్వు చూస్తున్నావని ఆ సూర్యుడేం మొహమాటపడి ఆగడు."

ఫువాటినో ముద్ద నల్లగా మెరిసేదాకా దంచి, గిన్నెల్లోకి వొంచి, రోలు అంచులు వేలితో గీకి, చేతులు తుడుచుకుని బూట్ల కోసం పరిగెత్తింది. ఆ బూట్లు ఆక్లాండ్ నుంచి మరిది పంపిన పెట్టెలో వచ్చాయి. మనిషి మంచివాడే గానీ వదిన పాదం ఎంతుంటుందో గుర్తుపెట్టుకునేంత మంచివాడు కాదు. కాస్త బిగుతుగా ఉంటాయి. పాదాలు ఎప్పుడూ తిమ్మిరెక్కినట్టే ఉంటాయి కాబట్టి ఆమెకి ఆ బిగుతు కూడా పెద్దగా తెలియదు.

ఈ పరుగు సంబరం జూన్లో మొదలైంది. స్వాతంత్ర్యం పండగ అయిపోయి ఊరంతా తిన్నది అరక్క పడుకుని ఉన్నప్పుడు, ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు టిరేసా ఆడవాళ్ళ సంఘం ముందుకొచ్చి పందెం పెట్టింది. చర్చి గేటు దగ్గర మొదలుపెట్టి వంతెన దాకా వెళ్ళి రావాలి, రోజూ వెళ్ళాలి, అక్టోబరులో పిల్లల ఆదివారం దాకా వెళ్ళాలి. ఒక్కరోజు తప్పినా మళ్ళీ మొదటికి. ఆదివారం రోడ్డు మీద పరిగెత్తితే ఊరు ఊరుకోదు కాబట్టి ఆ రోజు రెండు పూటలా చర్చికి నడిచి వెళ్తే చాలంది. మొదటి వారం సంఘం సంఘమంతా పరిగెత్తింది. కుక్కలు వెంటపడ్డాయి, మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని పొట్టలు పట్టుకున్నారు. తర్వాత ఒకామెకి మోకాలు, ఒకామెకి చుట్టాల చావు, ఒకామెకి మొగుడు నవ్వాడని కోపం. అకెనెసే అయితే రెండో రోజే విరమించుకుంది. తనని తరమడానికి కుక్కలు చాలనీ, నర్సు కూడా ఎందుకనీ అంది. చివరికి మిగిలింది ఫువాటినో ఒక్కతే.

పరుగు ఆమెకి మేలే చేసింది, అబద్ధమెందుకు. రాత్రిళ్ళు నాలిక పిడచకట్టుకుపోయి లేచి కుండలో సగం నీళ్ళు తాగే అలవాటు పోయింది. కోకో తోటలోకి ఎక్కేటప్పుడు ఎక్కడా ఆగి చెట్టు పట్టుకోవడం లేదు. లుంగీ నడుం చుట్టూ ఇంకో చుట్టు ఎక్కువ వస్తోంది. మొగుడు యోసువా అది చూసి, ఇంకో రెండు నెలలు పరిగెత్తితే నిన్ను వెతుక్కోవాలేమో అన్నాడు. పిల్లల ఆదివారం నాడు రక్తం చూస్తాననీ, చక్కెర దిగితే సూది అక్కర్లేదనీ టిరేసా మాటిచ్చింది. ఆ మాట ఫువాటినో బుర్రలో ఎక్కడో మొక్కుబడిలా బిగుసుకుపోయింది. ఒక్కరోజు తప్పితే చాలు, దిగిన చక్కెరంతా మళ్ళీ ఎక్కి కూర్చుంటుందని నమ్మింది. ఇక ఆదివారం దాకా ఈ వారమే మిగిలింది.

చిక్కంతా వేళతోనే. పొద్దున్న పిల్లలకి వండి పెట్టి బిళ్ళలు మూటకట్టి సంత బస్సెక్కాలి, మధ్యాహ్నం గింజలు ఎండలో తిరగేయాలి, ఆ తర్వాత వేపాలి, వొలవాలి, దంచాలి. ఆడమనిషికి తనదంటూ ఖాళీ దొరికేది సరిగ్గా పొద్దు వాలేటప్పుడే. ఆ వేళకే శంఖం ఊదుతారు. మొదటి శంఖానికి అందరూ ఇళ్ళు చేరాలి. రెండో శంఖంతో 'సా' మొదలవుతుంది, ప్రతి ఇంట్లో ప్రార్థన. మూడోది ఊదేదాకా రోడ్డు మీద మనిషి కనపడకూడదు, బండి కదలకూడదు. సవాయి దీవిలో మా వైపు ఊళ్ళన్నిటిలోనూ ఇంతే, కాకపోతే ఒక్కో ఊళ్ళో ఒక్కో నిమిషానికి మొదలవుతుంది. తప్పితే జరిమానా. వేళని కాస్త వెనక్కి జరపమని ఫువాటినో సంఘం తరఫున ఊరి పెద్దల్ని అడిగి చూసింది. మగవాళ్ళు పొద్దున్న పరిగెత్తొచ్చు, మధ్యాహ్నం పడుకోవచ్చు, సాయంత్రం శుభ్రంగా స్నానం చేసి ప్రార్థనకి కూర్చోవచ్చు, మరి మేమెప్పుడు పరిగెత్తాలని అడిగింది. అది న్యాయమైన మాటే. లేయాసీ మాత్రం ఒక్క ముక్కతో కొట్టిపారేశాడు. సా సూర్యుణ్ణి బట్టి ఉంటుంది గానీ మీ బూట్లని బట్టి ఉండదన్నాడు.

ఈ లేయాసీ ఊరి పెద్దల్లో ఒకడు. సా వేళ కర్ర పట్టుకుని రోడ్డు కాయడం కుర్రవాళ్ళ పని, పెద్దలు చేసేది కాదు. అయినా వాళ్ళింటి ముందు ముక్కకి మాత్రం ఆయనే తెల్ల లుంగీ కట్టుకుని నిలబడతాడు. పాస్టరుగారి బండినే ఒకసారి ఆపి, ఇంజను కట్టేయించి, మూడో శంఖం దాకా కూర్చోబెట్టిన ఘనుడు. ఆ ఇంటి అరుగు మీద ఆయన పెళ్ళాం లేపెకా చాప అల్లుకుంటూ ఉంటుంది. ఆవిడకి ఎడమ కాలు మోకాలి కిందనుంచీ లేదు. చక్కెర జబ్బులోనే పోయింది. ఫువాటినో రోజూ ఆ ఇంటి ముందునుంచే పరిగెత్తుతుంది, రోజూ చూడకూడదనుకుంటూనే ఆ మడిచి కట్టిన లుంగీ అంచు వైపు చూస్తుంది, అక్కణ్ణుంచి అడుగులు వాటంతటవే వేగం అందుకుంటాయి. నిజం చెప్పాలంటే ఆమె పరిగెత్తేది ఆ కాలి నుంచే.

ఆ సోమవారం వంతెన దగ్గర వెనక్కి తిరిగేసరికే మొదటి శంఖం మోగింది. ప్రాణాలు బిగబట్టి పరిగెత్తింది. చర్చి గేటు కనిపిస్తోంది, ఇంకో పాతిక అంగల్లో ముట్టుకునేది. రెండో శంఖం మోగింది. లేయాసీ కర్ర అడ్డంగా పెట్టాడు.

అదిగో గేటు, ముట్టుకుని వస్తానని ఆమె రొప్పుతూ అడిగింది. ఆయన కర్ర దించలేదు, మొహం తిప్పలేదు, కూర్చోమని గడ్డి చూపించాడు. ఆమె అరుగు పక్కన గడ్డిలో బూట్లతోనే కూలబడింది. లోపల లేపెకా గొంతెత్తి కీర్తన అందుకుంది. బయట ఫువాటినో గడ్డి పీకుతూ కూర్చుంది. దేవుడి మీద కాదు గానీ దేవుడి పేరు చెప్పి తనని ఆపిన మనిషి మీద ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మూడో శంఖం మోగగానే లేచి, దణ్ణం లేదు, దస్కం లేదు, పరిగెత్తి గేటు ముట్టుకుంది. మధ్యలో కూర్చున్న పరుగు లెక్కలోకి వస్తుందో రాదోనని రాత్రంతా మథనపడింది.

*

మంగళవారం ఆ గొడవ లేకుండా ముందే బయల్దేరింది. బయల్దేరాలంటే గింజలు వేపడం అకెనెసే ఒక్కదాని మీద పడేసింది. రెండు చేతులతో తిరగేయాల్సిన రేకుని ఒక్క మనిషి ఎంతని తిరగేస్తుంది. ఓ వైపు పచ్చిగా ఉండగానే ఓ వైపు మాడిపోయాయి. ఫువాటినో చెమటలు కక్కుతూ వచ్చేసరికి ఇల్లంతా కమురు వాసన. అకెనెసే మాడిన గింజల్ని ఏరి పందుల దొడ్లోకి విసురుతోంది.

"రేపు సంతకి నీ బూట్లు తీసుకెళ్ళి అమ్ము," అంది తల ఎత్తకుండా.

ఫువాటినోకి తెలుసు, తప్పు తనదే. పక్కన కూర్చుని తనూ ఏరబోయింది. ఆదివారం దాకా ఓపిక పట్టవే, ఆ తర్వాత నువ్వు పడుకో, నేనే వేపుతాను, నేనే దంచుతానంది. అకెనెసే కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత ఉండబట్టలేక, వదినా నువ్వు కుంటుతున్నావు అంది. రాయి గుచ్చుకుందని ఫువాటినో చెప్పింది.

గుచ్చుకున్నది రాయి కాదు. స్నానానికి వెళ్ళి కొట్టం వెనక బూటు విప్పి చూసుకుంది. కుడి బొటనవేలి పక్క ఎముక దగ్గర శనివారం నాడు చిన్న బొబ్బ కనిపించింది. ఏదో పసరు రాసి గుడ్డ చుట్టింది. ఇప్పుడక్కడ బొబ్బ లేదు, తెల్లగా నానిపోయిన అంచులతో ఒక గుంట ఉంది. నొక్కి చూసింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే భయపడాల్సిన సంగతని టిరేసా సంఘంలో ఎన్నిసార్లు చెప్పిందో. అందరి పాదాలూ వరసగా చాపించి చూపించి మరీ చెప్పింది. ఆ మాట ఫువాటినోకి గుర్తు లేక కాదు. చూపిస్తే టిరేసా మానెయ్యమంటుంది. మానేస్తే మళ్ళీ మొదటికి. ఇన్ని నెలల పరుగూ బూడిదలో పోసినట్టవుతుంది, చక్కెర ఎక్కుతుంది, సూది వస్తుంది, సూది వచ్చాక ఆ మడిచి కట్టిన లుంగీ అంచు ఎంత దూరం. ఇలా కాలు కాపాడుకోవడానికే కాలు దాచిపెట్టింది. కొత్త గుడ్డ చుట్టి, కాలు ఈడుస్తున్నట్టు కనపడకుండా నడిచి, రాత్రి భోజనాల దగ్గర అందరితో పాటు నవ్వింది.

*

బుధవారం పొద్దున్నే వాన. ఒంట్లో చలిగా ఉంటే వాన చలే అనుకుంది. బుధవారం ఆరోగ్య కేంద్రానికి పెద్ద డాక్టరమ్మ వచ్చే రోజు. వారానికి ఒక్క రోజు వచ్చి, చీకటి పడే వేళకి బండెక్కి రేవుకి వెళ్ళిపోతుంది. ఆ సంగతి కూడా ఫువాటినోకి తెలుసు. గురువారం వెళ్తే టిరేసా ఒక్కతే ఉంటుంది, ఏదో కట్టు కడుతుంది, అసలు సోమవారం వెళ్తే ఇంకా మంచిది, అప్పటికి పందెం కూడా అయిపోతుంది. ఇలా తనకి తానే సర్దిచెప్పుకుంటూ సాయంత్రం దాకా దంచింది. రోకలి మామూలు కంటే బరువుగా ఉంది. అకెనెసే ఒకసారి ఆమె చెయ్యి పట్టుకుని చూసి, నిప్పులా ఉన్నావేంటి, ఇవాళ్టికి మానెయ్యమంది. ఫువాటినో పొయ్యి దగ్గర కూర్చుంటే వేడిగాక చల్లగా ఉంటుందా అని తోసేసింది.

ఎలా వెళ్ళిందో వంతెన దాకా వెళ్ళింది. దాన్ని పరుగు అనలేం, అడుగు తీసి అడుగు వేయడం. వెనక్కొస్తుంటే మొదటి శంఖం మోగింది. రోడ్డు ఖాళీ అయిపోయింది. ఇళ్ళల్లో దీపాలు వెలిగాయి, స్తంభాల మధ్యనుంచి మనుషులు చాపల మీద సర్దుకుని కూర్చోవడం కనిపిస్తోంది. లేయాసీ ఇంటి ముందుకొచ్చేసరికి రెండోది. ఆయన కర్ర అడ్డం పెట్టాడు. మళ్ళీ సరిగ్గా అక్కడే.

ఈసారి ఆమె రొప్పలేదు, పోట్లాడలేదు. "పుణ్యముంటుంది పెద్దయ్యా, ఆ గేటు దాకా వెళ్ళనివ్వండి," అంది. గొంతు తనది కానట్టుంది.

"కూర్చో," అన్నాడాయన.

గడ్డంతా వాన నీళ్ళు. కూర్చోబోతుంటే లేపెకా లోపలినుంచి, తడిలో కూర్చుంటావేంటే, పైకి రా అంది. పైకి వెళ్ళాలంటే బూట్లు విప్పాలి. ఎవరింటి చాప మీదా ఎవరూ బూట్లతో అడుగు పెట్టరు. ఫువాటినో అరుగు మెట్టు మీద కూర్చుని ఎడమ బూటు తీసింది. కుడిది రాలేదు. లాగింది. బూటుతో పాటు గుడ్డ కూడా ఊడివచ్చింది. ఆమె అటు చూడకుండా పాదం లుంగీ కిందికి లాక్కుని స్తంభానికి ఆనుకుని కూర్చుంది. లేయాసీ కర్ర పట్టుకునే అరుగు అంచున మోకాళ్ళ మీద కూర్చుని కీర్తన మొదలుపెట్టాడు. లేపెకా గొంతు కలిపింది.

ఆ గొంతు రెండో చరణంలో ఆగిపోయింది.

ఆ ఇంట్లో కీర్తన మధ్యలో ఆగడం ఊరెరగదు. లేయాసీ పాడుతూనే తల తిప్పాడు. లేపెకా చేతుల మీద జరుగుతూ చాప దాటి వస్తోంది. వచ్చి, అడగను కూడా అడగకుండా ఫువాటినో లుంగీ అంచు తొలగించి పాదం ఒళ్ళోకి తీసుకుంది. చాప మీద తడి మరక ఉంది. ఆవిడ పాదాన్ని దీపం వైపు తిప్పింది, మొహం దగ్గరికి తీసుకుని వాసన చూసింది, చీలమండ దాటి పైకి పాకిన ఎర్రటి గీతని వేలితో తడిమింది.

"ఎన్నాళ్ళయిందే?"

"శనివారం."

"నొప్పుందా?"

"లేదు పెద్దమ్మా."

లేపెకా తలెత్తి మొగుడి వైపు చూసింది. "బండి తియ్యి," అంది. "ఇవాళ బుధవారం."

ప్రార్థన ఇంకా సగం కూడా కాలేదు. పక్క ఇళ్ళలోంచి పాట వినిపిస్తోంది, రోడ్డుకి అటువైపు కుర్రవాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. సా పూర్తవనివ్వండి, కాసేపాగితే ఏమీ కాదు, నా వల్ల మీకు మాటొస్తుందని ఫువాటినో అంటూనే ఉంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. లేయాసీ పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఏం చూశాడో, కర్రని జాగ్రత్తగా చాప మీద పెట్టాడు. తాళంచెవి తీసుకున్నాడు. ఫువాటినోని చిన్నపిల్లని ఎత్తినట్టు ఎత్తి పికప్ బండి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. వానకి తడిసిన ఆ ఇంజను మొదటిసారి పలకలేదు. రెండోసారి పలికింది. సా నడుస్తుండగా ఆ రోడ్డు మీద బండి చప్పుడు విని ప్రతి ఇంట్లోంచీ మొహాలు బయటికొచ్చాయి. లేయాసీ బండి అని తెలిసి అవే మొహాలు నోళ్ళు తెరిచి ఉండిపోయాయి.

ఆరోగ్య కేంద్రానికి మధ్యలో రెండు ఊళ్ళు. మొదటి ఊళ్ళో ఐదారుగురు కుర్రవాళ్ళు కర్రలు ఊపుతూ రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు. లేయాసీ వేగం తగ్గించలేదు, హారన్ మీంచి చెయ్యి తీయలేదు. వాళ్ళు చెరోపక్కకి దూకారు. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"నేను లేయాసీని. మీ పెద్దలకి చెప్పండి. జరిమానా నేనే కడతాను."

రెండో ఊళ్ళో రాయి పడింది. బండి వెనక రేకు మీద ఠంగున మోగింది. అక్కడా అలాగే పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, ముందుకు పోయాడు. ఫువాటినో సీట్లో ముడుచుకుని ఏడుస్తోంది. కాలికోసమో, ఇంత పెద్దమనిషి తనకోసం దారి పొడుగునా పేరు చెడగొట్టుకుంటున్నందుకో ఆమెకే తెలియలేదు. లేయాసీ దారంతా పెదాలు కదుపుతూనే ఉన్నాడు. ఇంట్లో ఆపేసిన కీర్తన అది.

డాక్టరమ్మ బండి దీపాలు వేసుకుని గేట్లోంచి బయటికొస్తోంది. లేయాసీ తన బండిని దానికి ఎదురుగా అడ్డంపెట్టి ఆపాడు.

*

పుండు కోసి కడిగారు. ఆ రాత్రే తన బండిలో ఎక్కించుకుని డాక్టరమ్మ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోయింది. చేతికి సీసాల మందు ఎక్కించారు. మూడో రోజుకి జ్వరం దిగింది. బొటనవేలు మిగిలింది, పాదం మిగిలింది. వచ్చే బుధవారం దాకా ఆగివుంటే మనం మాట్లాడుకునేది వేలి గురించి కాదు, మోకాలి గురించి అని డాక్టరమ్మ చెప్పింది. ఫువాటినో దుప్పటి తొలగించి, కట్టు కట్టిన పాదాన్ని, కట్టులోంచి కనిపిస్తున్న ఐదు వేళ్ళనీ చూసుకుంది. వాటిని కదిపింది. కదిలాయి. అకెనెసే పక్కన కూర్చుని బొప్పాయి ముక్కలు కోస్తూ, ఇంకెంతసేపు చూసుకుంటావు, నీ వేళ్ళే, ఎవరూ ఎత్తుకుపోరు అంది. అని ముక్కు ఎగబీల్చింది.

శనివారం నాడు టిరేసా వచ్చింది. రక్తం పరీక్ష ఫలితం తెచ్చింది. పుండున్నప్పుడు చక్కెర పైకే ఉంటుంది, ఇవాళ్టి లెక్క చూడొద్దు, గడిచిన మూడు నెలల సంగతి చెప్పే పరీక్షలో మాత్రం బాగా దిగింది, డాక్టరమ్మ కూడా చూసింది, పుండు మానాక సూది అక్కర్లేదంది అని చెప్పి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది.

"పరుగు మంచిదే అక్కా. ఒక్కరోజు కూడా తప్పకూడదని పెట్టానే, అది నా తలబిరుసు. పాదం చూపిస్తే నేను కోప్పడతానని భయపడ్డావు కదూ?"

"నువ్వు కోప్పడతావని కాదు, మానెయ్యమంటావని," అంది ఫువాటినో. దాచింది తానేననీ, చెప్పిన మాట వినకపోవడం కూడా తన తలబిరుసేననీ చెప్పి నర్సు చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల ఊరికి రాకపోతే తను ఇప్పటికీ కుండలో నీళ్ళు తాగుతూ తిమ్మిరి కాళ్ళతో పడివుండేది. పరుగే నెత్తురు బాగుచేసింది, పరుగే పుండు చేసింది. ఏ ముక్కకి ఎంత మొక్కాలో విడదీయడం ఆమె వల్ల కాలేదు, మొత్తానికీ కలిపి కృతజ్ఞత చెప్పుకుంది.

పిల్లల ఆదివారం నాడు చర్చిలో పిల్లలు తెల్ల బట్టల్లో పద్యాలు మరిచిపోయి ఏడ్చారు, పెద్దవాళ్ళు నవ్వారు. ప్రార్థన తర్వాత టిరేసా లేచి పందెం పూర్తి చేసినవాళ్ళు ఎవరూ లేరని చెప్పింది. వచ్చేసారి వారానికి ఒక రోజు అందరూ కూర్చుని ఒకరి పాదాలొకరు చూసుకోవాలనీ, ఆ రోజు పరిగెత్తినవాళ్ళకే తప్పు పడుతుందనీ కొత్త నియమం చెప్పింది. వెనక వరసలో అకెనెసే, అయితే నేను ఆ రోజు పందెంలో చేరతానంది.

*

సోమవారం పెద్దల సభ. స్తంభానికొకరు చొప్పున పెద్దలు చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనకవైపు గడ్డి మీద. ఆ పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన ఫువాటినోని యోసువా చేతుల మీద తెచ్చి అక్కడ కూర్చోబెట్టాడు. సా వేళ రోడ్డు మీద పరుగు పెట్టినందుకు తనకి జరిమానా వేస్తారని, వేస్తే సంతోషంగా కట్టాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చింది. ఆమె మాట ఎవరూ ఎత్తలేదు. పొరుగూళ్ళ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు కూడా ఒక మూల కూర్చున్నారు.

లేయాసీ తనంతట తానే లేచాడు. బుధవారం సాయంత్రం సా నడుస్తుండగా బండి తీశాననీ, తన ఊళ్ళోనే కాక ఇంకో రెండు ఊళ్ళలో కూడా సా తప్పాననీ, మూడు ఊళ్ళకీ విడివిడిగా జరిమానా వెయ్యమనీ చెప్పి కూర్చున్నాడు. సభలో చిన్న కదలిక పుట్టింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్పు లేదని ఒకాయన అన్నాడు. పొరుగూరి పెద్ద కూడా తల ఊపి, మా కుర్రాళ్ళు రాయి వేసినందుకు మేమే సిగ్గుపడుతున్నామన్నాడు. లేయాసీ ఒప్పుకోలేదు. పాస్టరుగారిని కూర్చోబెట్టినవాడు తన దగ్గరికొచ్చేసరికి సాకు వెతుక్కుంటే రేపు కర్ర ఏ మొహంతో పట్టుకోవాలన్నాడు. మాటకి మాట చాలాసేపు నడిచింది. చివరికి అందరికంటే పెద్దవాడు, పళ్ళు లేని ముసలాయన, విసుగెత్తి అడిగేశాడు.

"సరేనయ్యా, తప్పే అనుకుందాం. మూడో శంఖానికి ఎంతసేపు పడుతుంది గనక? ఇన్నేళ్ళుగా సా కాసినవాడివి, ఆ నాలుగు చరణాలూ ఎందుకు ఆగలేకపోయావు?"

లేయాసీ అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చాప అల్లిక వైపు చూశాడు.

"ఒకసారి ఆగాను," అన్నాడు.

వెనక గడ్డి మీద లేపెకా ఫువాటినో పక్కనే కూర్చుని ఉంది. ఊళ్ళో వయసు మళ్ళినవాళ్ళకి ఆ సాయంత్రం గుర్తుంది, అదీ బుధవారమే. సా అయ్యేదాకా ఆయన కదల్లేదు. అయ్యాక లేపెకాని ఎక్కించుకుని బయల్దేరితే మొదటి ఊళ్ళో సా, అక్కడ ఇంజను ఆపి కూర్చున్నాడు. తర్వాతి ఊళ్ళో సా, అక్కడా కూర్చున్నాడు. చేరేసరికి డాక్టరు బండి వెళ్ళిపోయింది. మళ్ళీ బుధవారం దాకా పసర్లు రాశారు. ఫువాటినో ఈ ఊరికి కోడలుగా రాకముందు సంగతది. రోజూ ఆ కాలి వైపు చూస్తూ పరిగెత్తిందే గానీ, అది ఎలా పోయిందని ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు తల తిప్పి లేపెకా మొహంలోకి చూసింది. ఆవిడ గడ్డి పోచ ఒకటి తుంచి వేలికి చుట్టుకుంటోంది.

ముసలాయన గొంతు సవరించుకుని, జరిమానా వేశాం, మూడు పందులు అన్నాడు. లేయాసీ తల వంచి ఒప్పుకున్నాడు. అంతటితో సభ ముగిసింది. పోతూ పోతూ ఆయన ఫువాటినో ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు. ఆయన ఆమె కట్టు వైపు చూసి, "పుండు మానాక పొద్దున పూట పరిగెత్తు. ఇంటి పని మీ ఆయన చూసుకుంటాడు, నేను చెప్తాను," అని వెళ్ళిపోయాడు. యోసువా బుర్ర గోక్కున్నాడు.

ఆ సాయంత్రం మొదటి శంఖం మోగేసరికి ఫువాటినో తన ఇంట్లో, తన చాప మీద, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. అకెనెసే రోకలి కడిగి బోర్లించి వచ్చింది. పిల్లలు జుట్టు దువ్వుకుని వరసగా కూర్చున్నారు. రెండోది మోగింది. యోసువా ప్రార్థన మొదలుపెట్టబోతుంటే ఇవాళ నేను చేస్తానంది.

కాలు మిగిలించినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నర్సుకి, డాక్టరమ్మకి, మాడిన గింజలు ఏరిన ఆడపడుచుకి. రోడ్డు మీద కర్ర అడ్డం పెట్టిన మనిషికి, ఆ కర్ర కింద పెట్టిన మనిషికి. వాన పడిన గడ్డికి కూడా. చాప దాటి తన దగ్గరికి పాకి వచ్చిన లేపెకాకి. ఆ పేరు దగ్గర ఆమె ఆగింది. ఈ సంతోషం తనకి ఆవిడ కాలు పోవడం వల్ల వచ్చింది. దానికి దేవుడికి ఏమని చెప్పాలో, చెప్పొచ్చో లేదో ఆమెకి తెలియలేదు. పక్క ఇళ్ళలో కీర్తనలు మొదలయ్యాయి, ఇక్కడ ఇంట్లోవాళ్ళంతా తలలు వంచుకుని, ఆమె మళ్ళీ మాట్లాడేదాకా ఆగారు.